చింతపండుతో తోమిన నంబరు

సెప్టెంబరు 8, సోమవారం

గరాజ్‌లో బండి మీది గుడ్డ తీశాను. ఆయన పోయాక ఇదే మొదటిసారి. దుమ్మంతా గుడ్డకే, బండికి అంటలేదు. ఎరుపు అలాగే ఉంది. రెండే సీట్ల కారు. అరవైల నాటి బండి — నాకన్నా చిన్నది, నాకన్నా బాగా నిలిచింది.

ఆయన ఉన్నప్పుడు నేను ఇందులో ఎక్కింది తక్కువ. నేల మీద కూర్చున్నట్టుంటుంది, చీర నలిగిపోతుంది అని సణిగేదాన్ని. నవ్వి ఊరుకునేవారు.

నడిపేవాళ్ళ దగ్గరే బండి ఉండాలి అన్నారు చివరి నెలల్లో. మా అబ్బాయి రవికి నడుము నొప్పి, అంత కిందికి వంగలేడు. మనవరాలు కెజియాకి గేర్లు మార్చే బండి నడపడం రాదు. కనుక అమ్మకం. వచ్చింది కెజియా చదువుకి. అదీ ఆయన మాటే.

సాయంత్రం అరోరా ఊరి నుంచి డాక్టర్ ప్రదీప్ ఫోన్. ఆయనతో కలిసి కార్ షోలన్నీ తిరిగినవాడు. ధర తనే చెప్పాడు — ఎనభై ఐదు వేల డాలర్లు. బండి పుట్టినప్పుడు పెట్టిన ఇంజనే ఇప్పటికీ ఉంది కాబట్టి ఆ ధర అట. ఇంజన్ మార్చిన బండికైతే దాదాపు సగమేనట. ముందు ఎవరికైనా చూపించుకోమన్నాను.

"ఎందుకాంటీ? అంకుల్ మాట చాలు నాకు."

సంతోషమే. కానీ మాట మీద మార్కులు వేసే అలవాటు నాకు లేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. జవాబు ఒక్కటే రాసి, చేసిన లెక్క చూపించని పిల్లకు సున్నాయే. పరీక్ష అయ్యాకే డబ్బు అని తేల్చి చెప్పాను.

తాళం చెవి మొదటి డ్రాయర్‌లోనే దొరికింది, ఆయన పెట్టిన చోటే. దేవునికి స్తోత్రం.

సెప్టెంబరు 10, బుధవారం

ఆఫీస్ నుంచి వస్తూ రవి ఆగాడు. నిలబడే కాఫీ. కొనేవాడు వద్దంటుంటే అమ్మేవాళ్ళు ఇన్‌స్పెక్షన్ చేయించడం ఎక్కడైనా ఉందా అని వాడి గోల. పదిహేనేళ్ళుగా కార్ల కంపెనీలో పనిచేస్తున్నాడు, ఈ మాట వాడి నోట రావడమే ఆశ్చర్యం.

"యాజ్-ఈజ్, ఉన్నది ఉన్నట్టు అని రాసిచ్చేద్దాం అమ్మా. నీకెందుకీ టెన్షన్?"

నాకు టెన్షన్ లేదు. నా సంతకం పెట్టే కాగితం మీద 'అసలు ఇంజన్' అని ఉంటే అది అసలుదై ఉండాలి. అంతే.

కెజియా వెతికి ఒకావిడను బుక్ చేసింది. పేరు లొరెయిన్. పాత బండ్లు అసలువో నకిలీవో చూసి, ధర కట్టి, రాతపూర్వకంగా ఇస్తుంది. ఫీజు నాలుగు వందల యాభై. సోమవారం వస్తుంది. ఫోన్‌లో ఒక్క పొల్లుమాట లేదు. నచ్చింది.

సెప్టెంబరు 12, శుక్రవారం

వాన. మేపుల్ ఆకులు అప్పుడే నాలుగు ఎర్రబడ్డాయి. పక్కింటాయన మన వాకిలి కూడా ఊడ్చి వెళ్ళాడు, అడగకుండానే. రేపు పులిహోర చేస్తే పంపాలి.

సెప్టెంబరు 13, శనివారం

ఇంటికి మనిషి వస్తోందంటే ఇల్లు కడగకుండా ఉండలేను. గరాజ్ నేల తుడిచాను. కెజియా చేత బండి పైపైన కడిగించాను. తరువాత ముందు మూత ఎత్తించాను.

లోపల... చెప్పడానికి లేదు. ఆయన ఎంత శుభ్రమైన మనిషి, ఇదేమిటి ఇలా వదిలేశారు అనిపించింది. ఇంజన్ ముందు భాగంలో, ఒక పక్కగా, రెండు వేళ్ళ వెడల్పున చదునైన చోటు ఒకటి ఉంది. దాని మీద నంబరు గుద్దారు. లొరెయిన్ చూడవలసింది అదేనని కెజియా ముందే చెప్పింది. ఆ అంకెలు బండి ఒంటి మీది నంబరుతో కలవాలట. తీరా చూస్తే జిడ్డు, తుప్పు, ఒక్క అంకె తెలియడం లేదు.

పులిహోరకి నానబెట్టిన చింతపండులో కొంత తెచ్చి పట్టు వేశాను. అరగంట ఉంచాను. ఇత్తడి బిందెలు తోమిన చేతులివి. పీచుతో రుద్దితే జిడ్డు పోయింది గాని తుప్పు మొండిది. ఆయన పెట్టెలో గరుకు కాగితం ఉంటే దానితో పట్టుపట్టి రుద్దాను. చివరికి అంకెలు తళతళలాడాయి. ఒక్కొక్కటే చదువుకోవచ్చు. బండి నంబరుతో కలిశాయి!

కెజియా ఫోటో తీసి వాళ్ళ నాన్నకు పంపింది. పులిహోర కుదిరింది. పక్కింటికి డబ్బాడు. చేతులు నొప్పి, మనసు తేలిక. స్తోత్రం.

సెప్టెంబరు 15, సోమవారం

చెప్పిన సమయానికి వచ్చింది లొరెయిన్. అరవై దాటి ఉంటాయి. జుట్టు బిగించి కట్టింది, కళ్ళద్దాల మీద ఇంకో అద్దం. బూట్లు బయట విప్పమంటే మారుమాట లేకుండా విప్పింది.

మొదట బండి ఒంటి నంబరు. సరే. తరువాత ఇంజన్ వెనక వైపు, పోత పోసినప్పుడే వచ్చిన అక్షరాలు — ఆ ఇనుము ఎప్పుడు పోశారో తెలిపేవి. బండి తయారైన రోజుకి కొన్ని వారాల ముందుది. సరిగ్గా ఉండవలసినట్టే ఉందంది. నేను కెజియా వైపు చూశాను, చూశావా అన్నట్టు.

తరువాత ముందు భాగానికి వచ్చింది. అద్దం పెట్టింది. లైట్ వేసింది. చాలాసేపు వంగే ఉంది. నిటారుగా నిలబడి, చాలా మెల్లగా అడిగింది —

"ఇది ఎవరు రుద్దారు?"

"నేనే," అన్నాను. గర్వంగానే అన్నాను. అదే ఇప్పుడు తలుచుకుంటే...

కూర్చోబెట్టి చెప్పింది. ఫ్యాక్టరీలో ఆ చోటును మిషన్‌తో చదును చేస్తారు. వెంట్రుకల్లాంటి సన్నని గీతలు పడతాయి, అన్నీ ఒకే వైపు. వాటి మీదే నంబరు గుద్దుతారు. ఎవరైనా వేరే ఇంజన్ తెచ్చి దొంగ నంబరు గుద్దాలంటే ముందు పాత నంబరు అరగదీయాలి, దానితో గీతలూ పోతాయి. గీతలుంటే అసలు. లేకపోతే అనుమానం. నంబరు కలవడం కాదు సాక్ష్యం, ఆ గీతలు.

గీతలు లేవు. నేను రుద్దక ముందు ఉన్నాయో, అప్పుడూ లేవో — ఇక ఎవరూ చెప్పలేరు.

మొన్నటి దాకా జిడ్డు కాపాడింది, తను ఇంతకన్నా మురికివి చూసింది, ఆ మురికే తనకు ఇష్టం అని అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. రిపోర్ట్‌లో 'నిర్ధారించలేము' అని రాస్తానంది. సగం ఫీజు చాలంది. పూర్తిగా ఇచ్చి రసీదు తీసుకున్నాను. తప్పు నాది, పని ఆమెది.

సెప్టెంబరు 16, మంగళవారం

చారు పెట్టలేదు. చింతపండు డబ్బా వైపు చూడలేదు. పెరుగన్నం.

సెప్టెంబరు 17, బుధవారం

రవికి చెప్పాను. నవ్వాపుకుంటూ, "పోనీలే అమ్మా, వెనిగర్ వాడలేదు, నంబరైనా మిగిలింది," అన్నాడు. ఇంకొకరైతే తల్లిని ఎన్ని మాటలనేవారో. కొడుకును ఇలా ఇచ్చినందుకు...

డాక్టర్‌కి ఏం చెప్పాలి అని అడిగాడు. జరిగింది చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

సెప్టెంబరు 18, గురువారం

ధర సంగతి కాదు నన్ను తొలిచేది. కెజియాకి ఫీజు ఏదో విధంగా సర్దుకుంటాం.

ఆయన ఇరవై ఏళ్ళు అందరికీ 'ఒరిజినల్' అని చెప్పారు. చర్చిలో, షోలలో, గరాజ్‌కి కాఫీకి వచ్చిన ప్రతివాడికీ. నిజమే చెప్పారా? తెలిసి చెప్పారా? తెలియక చెప్పారా? ఆ ఇంజన్ మారిందని తెలిసి కూడా అలా అంటూ వచ్చి ఉంటే — నాతో కలిపి అందరికీ అబద్ధం చెప్పినట్టే. ఆయన నోట ఒక్క అబద్ధం వినలేదని నేను సమాధి దగ్గర నిలబడి సాక్ష్యం చెప్పాను. చూసుకుని చెప్పానా?

గరాజ్‌లో ఆయన పక్కన కూర్చుని ఉంటే తెలిసేది. నేను వంటింట్లో ఉండేదాన్ని.

కెజియా పక్కన కూర్చుంది. నా ముఖం చూసి అడిగేసింది. చెప్పాను.

"తాతయ్య లై చెయ్యరు నానమ్మా. ఆయన మోనోపలీలో కూడా చీట్ చెయ్యలేదు, అందుకే ఎప్పుడూ ఓడిపోయారు."

రుజువు కాదు. అయినా రాసి పెడుతున్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం

చర్చి. కూడిక తరువాత భోజనాల దగ్గర ఆ బండి మాట వచ్చింది. ముందు బల్ల దగ్గర ఎవరో అన్నారు — ఆ బండికి ప్రతిష్ఠ ప్రార్థన మీ వాకిట్లోనే చేశాం కదమ్మా, గారెలు తిన్నాం.

అవును. అప్పట్లో పది పన్నెండు కుటుంబాలే. ఎవరు కారు కొన్నా, కొత్తదైనా పాతదైనా, పాస్టర్‌గారిని పిలవడం. ముందు మూత ఎత్తి, ఇంజన్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన. ఆమెన్. తరువాత టిఫిను. ఇక్కడి అమెరికన్లు వీధిలో ఆగి చూసేవారు.

ఇంటికి రాగానే ఆల్బమ్ తీశాను. ఉంది! మూత ఎత్తి ఉంది. ఆయన తల వంచి, చేతులు కట్టుకుని. అప్పుడు మీసం నల్లగా ఉంది. పాస్టర్‌గారు కళ్ళు మూసుకుని, కుడి చెయ్యి చాచి ఇంజన్ మీద...

భూతద్దం తెచ్చాను. ఎక్కడ పెట్టారు చెయ్యి? సరిగ్గా ఆ చోటు మీదే! అంత పెద్ద ఇంజన్, ఎక్కడా చోటు లేనట్టు.

నవ్వు వచ్చింది. ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా. చాలా రోజులైంది ఇలా నవ్వి. పాస్టర్‌గారు కూడా ప్రభువు దగ్గరే ఉన్నారిప్పుడు. ఆయన చెయ్యి మంచిది, తప్పు పట్టను.

సెప్టెంబరు 22, సోమవారం

ఫోటో లొరెయిన్‌కి పంపింది కెజియా. జవాబు ఒక్క వాక్యం: ఆ పెద్దమనిషి చెయ్యి తీసిన తరువాతి ఫోటో ఉందా?

లేదు. కానీ పక్కన ఎవరి నీడో పడింది, భుజం మీద పెట్టెలాంటిది. నా స్నేహితురాలు కమల మొగుడు! ప్రతి కూడికకూ ఆ వీడియో కెమెరా మోసుకొచ్చేవాడు. వడ్డించే గరిటెను కూడా వదిలేవాడు కాదు.

సెప్టెంబరు 24, బుధవారం

కమలకి ఫోన్ చేశాను. ప్లెయిన్స్‌బరోలో కూతురి దగ్గర ఉంటోంది. మాట్లాడి ఎన్నాళ్ళయింది... ఆయన పోయినప్పుడు చేసింది, తరువాత నేనే చెయ్యలేదు. గొంతు అదే, నవ్వు అదే.

"ఎవరూ? వదినా! ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా? ఏదో లెక్క తేడా వచ్చి ఉంటుంది, లేకపోతే చెయ్యవు నువ్వు."

తేడా వచ్చిందనే చెప్పాను. చింతపండు సంగతి విని ఫోన్ కింద పెట్టి మరీ నవ్వింది. తనూ ఒంటరిదే ఇప్పుడు, ఐదేళ్ళయింది. టేపులన్నీ అట్టపెట్టెలో ఉన్నాయట. అపార్ట్‌మెంట్‌లో చోటు లేదని అల్లుడు పారేద్దామంటే, "అందులో మా ఆయన గొంతు ఉందిరా" అని మంచం కింద తోసిందట.

వాళ్ళాయన కెమెరా వెనకే ఉండేవాడు కాబట్టి ముఖం ఒక్క టేపులోనూ లేదంది. గొంతు మాత్రం ఉంది.

వెతికి, దుకాణంలో ఇచ్చి, ఫోన్‌లో చూసేలా చేయించి పంపిస్తానంది. ఖర్చు నేనిస్తానన్నాను. తిట్టింది. సరే, తిట్లు తిన్నాను.

గంటన్నర మాట్లాడాం. స్నేహితులు పోలేదు, నేనే పలకరించలేదు. ఇంకా ఉన్నారు. స్తోత్రం, స్తోత్రం.

సెప్టెంబరు 27, శనివారం

ఏమీ రాలేదు. గోంగూర పచ్చడి పెట్టాను. కమలకి ఒక సీసా.

సెప్టెంబరు 30, మంగళవారం

డాక్టర్ ఫోన్. శనివారం ఇటు పని ఉంది, చెక్ తెస్తానన్నాడు. రమ్మన్నాను. మీరు వచ్చాక ఒక సంగతి చెప్పాలి అన్నాను. ధర పెంచుతారా ఆంటీ అని వేళాకోళం. కాదు అన్నాను.

ఇంకా టేపు రాలేదు. రాకపోయినా చెప్పేస్తాను. రేపు కాదు, శనివారం. ముఖం చూసి చెప్పాలి.

అక్టోబరు 2, గురువారం

వచ్చింది.

కెజియా టీవీకి కలిపింది. రవి కూడా వచ్చాడు. ముందంతా ఎవరివో పాదాలు, గడ్డి, మళ్ళీ పాదాలు. తరువాత మా వాకిలి. ఎర్ర బండి. ఆయన...

నడిచే తీరు మరిచిపోయాననుకోలేదు. మరిచిపోయాను. ఎడమ భుజం కాస్త దించి నడిచేవారు. అలా వచ్చి నిలబడ్డారు. రవి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ప్రార్థన నిడివిగా ఉంది. ఆమెన్. పాస్టర్‌గారు చెయ్యి తీశారు. ఎండ పడింది. ఆ చదునైన చోటు ఒక్క క్షణం మెరిసింది — వెంటనే కెమెరా గారెల పళ్ళెం వైపు తిరిగింది. రవి వెనక్కి తిప్పి ఆపాడు. గీతల్లాగే ఉన్నాయి అన్నాడు. కెజియా కూడా అంది. నాకూ అలాగే కనిపించాయి, కానీ నాకు కనిపించాలని ఉంది. నా కంటిని నేను లెక్కలోకి తీసుకోను.

ఆ తరువాతిది మేము వెతకలేదు, దానంతట అదే వచ్చింది. కెమెరా వెనక కమల మొగుడి గొంతు:

"బావా, ఇంజన్ ఒరిజినలేనా?"

ఆయన మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు.

"అమ్మినాయన ఒరిజినలే అన్నాడు బావా. నాకేం తెలుసు, ఇది పుట్టినప్పుడు నేను చూశానా? మనిషి మంచివాడిలా ఉన్నాడు. నమ్మి తీసుకున్నాను."

ఇంతలో లోపలినుంచి ఒక గొంతు, కోపంగా: "చేతులు కడుక్కోకుండా ఎవరూ గారెలు ముట్టుకోవద్దు." నేనే. ఆయన ఇటు, ఇంటి వైపు తిరిగి నవ్వారు. అక్కడితో అయిపోయింది.

మూడుసార్లు చూశాం. నాలుగోసారి నేనొక్కదాన్ని.

'అమ్మినాయన అన్నాడు.' ఈ రెండు మాటలు ఎప్పుడు రాలిపోయాయి? ఆయన నోటినుంచే రాలాయా, విన్నవాళ్ళ చెవుల్లోనా? ఇరవై ఏళ్ళు పదిమందికి చెప్పిన మాట అరగకుండా ఉంటుందా. కానీ మొదటి రోజు, అందరి ముందు, దేవుని పేరు పలికిన అదే నోటితో — నాకు తెలియదు అన్నారు. నాకది చాలు. సమాధి దగ్గర నేను చెప్పింది వెనక్కి తీసుకోను.

నేను ఆ చోటు రుద్ది ఉండకపోతే ఈ గొంతు వినేదాన్ని కాదు. చేసిన తప్పుకు కూడా వందనాలు చెప్పవచ్చునా? చెబుతున్నాను.

కమలకి ఫోన్. ఆమె కూడా విందట, వాళ్ళాయన గొంతు కోసం. ఇద్దరం మాట్లాడుకోలేదు ఎక్కువ. ఊఁ అంటే ఊఁ.

అక్టోబరు 3, శుక్రవారం

లొరెయిన్ వచ్చి వీడియో చూసింది. గీతలు ఉన్నట్టే ఉన్నాయట, కానీ నోటిమాటగా చెబుతుంది గాని కాగితం మీద చెప్పదట. పాత టేపు, మసక. రిపోర్ట్ 'నిర్ధారించలేము' అనే ఉంటుంది. వీడియో ఉందని ఒక వాక్యం కలుపుతుంది. ధర మాత్రం ఆ ఎనభై ఐదు వేలకీ, అందులో సగానికీ మధ్య ఎక్కడో.

నేనూ అలాగే రాసేదాన్ని. ఈవిడ నా దగ్గర చదువుకుని ఉంటే నూటికి నూరు వేసేదాన్ని.

ఆమెకీ ఒక గోంగూర సీసా ఇచ్చాను. కారం అని హెచ్చరించాను.

అక్టోబరు 4, శనివారం

డాక్టర్ వచ్చాడు. బూట్లు విప్పి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు, ఎవరూ చెప్పకుండానే. ఆయన దగ్గరి అలవాటు. చెక్ జేబులో కనిపిస్తోంది. టిఫిను ముందు పెట్టలేదు, తిన్నాక కాదనలేకపోతాడు. ముందు మాట.

అంతా వరసగా చెప్పాను. చింతపండు, గరుకు కాగితం, గీతలు, లొరెయిన్ కాగితం చేతిలో పెట్టాను. చదివాడు. మడిచాడు.

"ఆంటీ, నేను మొదటే అన్నాను కదా. అంకుల్ మాట చాలని."

"అది కూడా వినండి మరి," అన్నాను.

కెజియా వేసింది. ఆయన మూత మీద చెయ్యి వేసుకుని మళ్ళీ చెప్పారు — నాకేం తెలుసు, నమ్మి తీసుకున్నాను. డాక్టర్ కదలలేదు. నేను గారెల మీద అరిచాను. ఆయన నవ్వారు. టీవీ నల్లబడింది.

తనకు మాత్రం అంకుల్ ఎప్పుడూ ఒరిజినల్ అనే చెప్పారని అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. అవును, చెప్పి ఉంటారు అన్నాను.

డాక్టర్ మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

"ఇంకొక్కసారి వేస్తావా కెజియా," అన్నాడు.

వేసింది. చివర ఆయన ఇంటి వైపు తిరిగి నవ్వేచోట ఆపమన్నాడు. ఆ బొమ్మ వైపు చూస్తూనే టిఫిను తిన్నాడు. తరువాత గరాజ్‌లోకి వెళ్ళి బండి దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. మూత ఎత్తలేదు. డోర్ తీసి కూర్చుని, స్టీరింగ్ మీద చేతులు వేసుకుని, దిగాడు.

చెక్ తియ్యలేదు. జేబులోనే ఉంది. రేపు ఫోన్ చేస్తానని, నా చేతులు రెండూ పట్టుకుని వెళ్ళాడు. ఏమంటాడో తెలియదు. ఏమన్నా తప్పు పట్టను.

బండి మీద గుడ్డ కప్పలేదు. రాత్రికి చలి లేదు.

రేపు ఆదివారం. ఫోన్ మోగినా కూడిక అయ్యాకే తీస్తాను.